జూబ్లీహిల్స్‌లో దొరల పొయ్యి

కృష్ణానగర్‌లో నాకు స్టవ్ రిపేరు బంకు ఉండేది. రేకుల బంకు. ముందు తలుపు పైకెత్తి కర్ర పోటు పెడితే అదే నీడ, అదే బోర్డు. తొంభైల మొదట్లో మాట. మద్రాసు నుంచి సినిమావాళ్లు ఒక్కొక్కరే హైదరాబాదుకి మకాం మారుస్తున్నారు. పైన జూబ్లీహిల్స్‌లో, ఫిల్మ్‌నగర్‌లో బండలు పగలగొట్టి బంగళాలు కడుతుంటే, కింద మా కృష్ణానగర్ సందుల్లో డాన్సర్లు, జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు గదికి నలుగురేసి సర్దుకునేవారు. వాళ్ల కిరసనాయిలు స్టవ్వులే నా బతుకు. వత్తులు మార్చడం, పంపు స్టవ్వుకి వాషర్ వెయ్యడం, మసి పట్టిన బర్నర్‌లో పిన్ను పొడవడం. గ్యాస్ స్టవ్వులు నెలకి ఏ రెండో మూడో వచ్చేవి. గ్యాస్ కనెక్షన్‌కి పేరు రాయించుకుని ఏళ్లు ఎదురుచూసే కాలం అది.

ఒకరోజు పొద్దున్న పదింటప్పుడు బంకు ముందు తెల్ల కారు ఆగింది. నలభై ఐదేళ్ల డ్రైవర్ దిగకుండానే తల బయటపెట్టి అడిగాడు.

"గ్యాస్ పొయ్యిలు బాగుచేసేది నువ్వేనా అన్నా?"

"నేనే."

"జర జల్ది ఎక్కు. మా అమ్మగారింట్ల పొయ్యికి పిచ్చి లేసింది. మొన్న ఎవరో మెకానిక్‌ను పిలిచి సిలిండర్ పెట్టించినం. అంటించంగనే మంట మనిషెత్తు లేసింది. వంటామె చెప్పులు గూడ ఏసుకోకుండ బోరబండకు ఉరికింది, మళ్ల రాలే."

"ఏం పొయ్యి అది?"

"నాకేమెరుక? బీరువ లెక్క ఉంటది. మద్రాస్ నుంచి లారీల ఒచ్చింది. ఆరుగురం పట్టి దించినం."

బీరువాలాంటి పొయ్యి నేనెప్పుడూ చూడలేదు. ఆ సంగతి చెప్పకుండా స్పానర్లు, పిన్నులు, సబ్బు డబ్బా సంచిలో వేసుకుని ఎక్కాను. కారులో ముందు సీట్లో కూర్చోవడం కూడా నాకదే మొదలు. చెక్‌పోస్టు దాటి పైకెక్కుతుంటే రోడ్డుకి రెండు వైపులా బండలు, ఒకదాని మీద ఒకటి ఎవరో పేర్చి పక్కకి వెళ్లినట్టు. మాది కోనసీమ. మా ఊళ్లో పిల్లలు విసురుకుందామన్నా రాయి దొరకదు. హైదరాబాదు వచ్చి రెండేళ్లయినా ఆ బండల్ని చూసినప్పుడల్లా నాకు నోరు తెరుచుకునేది.

ఆ ఇంటివాళ్లు ఒక బండని అసలు పగలగొట్టకుండా వదిలేసి, దాని చుట్టూ ఇల్లు కట్టుకున్నారు. వరండాలోంచి చూస్తే ఏనుగు పడుకున్నట్టుంది. నేను దాన్నే చూస్తూ నిలబడితే వెనక నుంచి గొంతు వినిపించింది.

"రా బాబూ, లోపలికి రా. పొయ్యి ఇటుంది."

ఆ గొంతు విని నా సంచి జారిపోయింది. ఆ గొంతు నాకు తెలుసు. తెలుగు మాట్లాడే వాళ్లందరికీ తెలుసు. వెనక్కి తిరిగాను. నూలు చీర, కళ్లద్దాలు, జుట్టు సగం నెరిసింది. తెరమీద ఇరవై ఏళ్లపాటు అందరు హీరోలకీ తల్లిగా ఉన్న మనిషి. మా ఊరి టూరింగ్ టాకీసులో నేలమీద కూర్చుని మా అమ్మ ఈవిడ కోసం కొంగు తడిసేలా ఏడ్చేది. సినిమాలో ఈవిడ జబ్బుపడితే మా ఇంట్లో ఆ రాత్రి అన్నం సహించేది కాదు. నేను చేతులు జోడించాను.

ఆవిడకి ఇలాంటివి అలవాటే అనుకుంటా. నవ్వింది.

"పొయ్యి చూడమంటే నన్ను చూస్తావేం? నాకేం రిపేరు లేదు. రా."

వంటగది నా గదికి మూడింతలుంది. మూల ఉన్న ఆ వస్తువుని చూసి నేను రెండోసారి నోరు తెరిచాను. తెల్లటి పింగాణీ పూత. నా నడుమెత్తు. పైన నాలుగు బర్నర్లు, ముందు వరసగా గుండ్రటి మీటలు, కింద ఇనప్పెట్టె తలుపులాంటి తలుపు. దాని వెనక గోడ మాత్రం కప్పు దాకా నల్లగా మసిబారి ఉంది. గట్టుమీద హోటల్ నుంచి తెప్పించిన క్యారియర్ గిన్నెలు కడిగి బోర్లించి ఉన్నాయి.

"ఇది దొరల పొయ్యి," అందావిడ. "మద్రాసులో మా పక్కింట్లో ఒక తెల్లవాళ్ల కుటుంబం ఉండేది. వాళ్లు సొంత దేశం నుంచి ఓడలో తెచ్చుకున్నారు, ఇక్కడ ఒక్కరోజూ వాడలేకపోయారు. వెళ్లిపోతూ సామాను అమ్మేస్తుంటే నేను కొనుక్కున్నాను. ఇరవై ఏళ్లు దీనిమీద గుడ్డ పరిచి షీల్డులు పెట్టుకున్నాను. ఇక్కడికి వచ్చాక, పోనీ ఇప్పుడైనా వెలిగిద్దాం అనుకుంటే ఇదీ సంగతి."

నేను సిలిండర్ కట్టేసి, కిటికీలు తెరిచి, పై పలక ఎత్తాను. ఇనుము లోపల కొత్తగా మెరుస్తోంది. ఒక జెట్ విప్పి అరచేతిలో పెట్టుకున్నాను. జెట్ అంటే చిటికెన వేలి గోరంత ఇత్తడి బిళ్ల. దాని మధ్య చిల్లులోంచే గ్యాసు బర్నర్‌లోకి వెళుతుంది. మన స్టవ్వుల్లో ఆ చిల్లు సన్నసూది కూడా దూరనంత ఉంటుంది. దీనికి దబ్బనం దూరేలా ఉంది. అలాంటి జెట్ నేనింతకు ముందు ఒక్కచోటే చూశాను.

మా వైపు అప్పట్లో చమురు కోసం బోర్లు వేసేవారు. చమురు సంగతేమో గానీ గ్యాసు బాగా పడింది. మా మేనమామ చేనుకి నాలుగు కమతాల అవతల ఇనప గొట్టం ఎత్తుగా నిలబెట్టి, పైకొచ్చిన గ్యాసుని దాని కొసన మండించేవారు. సాయంత్రం దీపాల వేళ చూడాలి. కొబ్బరాకుల ఈనెలు కూడా లెక్కపెట్టొచ్చు. కొంగలు తెల్లారిందనుకుని లేచి, మళ్లీ వాలి, మళ్లీ లేచేవి. దగ్గరికెళ్తే కాళ్లకింద నేల గుర్రుమనేది. మనం నాట్లేసే బురద కింద, ఎన్నడూ ఎవరూ చూడని చోట, ఇంత మంట ఇన్నాళ్లూ పడుకుని ఉందా అని పదిహేడేళ్ల వయసులో నాకు ఒళ్లు జలదరించింది. ఆ బోరు క్యాంపు క్యాంటీన్‌లో ఏడాదిన్నర పనిచేశాను. అక్కడ పొయ్యిలకి సిలిండర్లుండేవి కావు. బోరు గ్యాసునే గొట్టంలో తెచ్చి మండించేవారు. ఆ పొయ్యిల జెట్లకి ఇలాంటి పెద్ద చిల్లులే. క్యాంటీన్ ఫిట్టర్ నాకు చెప్పాడు: "భూమిలోంచి వచ్చే గ్యాసు పల్చన్రా, మజ్జిగతేట లాగ. సిలిండర్‌లోది చిక్కన. తేటకి పెద్ద చిల్లు కావాలి, చిక్కనిదానికి చిన్న చిల్లు చాలు. ఇటుదటు పెట్టావో, కనుబొమలు పోతాయి."

ఆ మాట నేనావిడకి అలాగే చెప్పాను. "పొయ్యి పాడవలేదండి. గ్యాసే తేడా. ఆ దేశాల్లో ఊరంతా గొట్టాల్లో వస్తుంది, నేలలోంచి తీసిన పల్చటి గ్యాసు. ఇది దానికోసం చేసింది. మనం సిలిండర్ తగిలించేసరికి ఆ చిల్లుల్లోంచి తట్టుకోలేనంత చిక్కటి గ్యాసు తోసుకొచ్చింది. జెట్లన్నీ మార్చాలి, గాలి వెళ్లే రేకులు మళ్లీ సర్దాలి."

ఆవిడ ఒక్క క్షణం ఆలోచించింది. "అంటే వేరే భాషలో తీసిన బొమ్మన్నమాట. తెలుగులో డబ్బింగ్ చెప్పాలి."

"అంతేనండి," అన్నాను. నాకింతకన్నా బాగా చెప్పడం రాదు.

"చెప్పగలవా?"

ఆ జెట్లు ఎక్కడా దొరకవని నాకు తెలుసు. మా అమ్మని అంత ఏడిపించిన మనిషి నన్నడుగుతుంటే చెప్పలేనని అనడానికి నోరు రాలేదు. నాలుగు జెట్లూ విప్పి రుమాల్లో మూటగట్టుకుని బాలానగర్ బస్సెక్కాను.

బాలానగర్‌లో నాకు తెలిసిన లేత్ మేస్త్రీ ఒకాయన ఉండేవాడు. అరవై దాటిన మనిషి, ఎర్రగా గోరింట పెట్టిన గడ్డం. ఆయన జెట్‌ని వేళ్లమధ్య తిప్పి, వెలుతురులో చూసి, నాలిక చప్పరించాడు.

"దీని మరలు మనయి గావు బేటా. ఇంచుల లెక్క. ఏ దేశందిది?"

"ఏ దేశమో తెలీదు సాబ్. చేస్తారా?"

"మరల కష్టం నాకు ఇడిసెయ్. ఫికర్ మత్ కర్. చిల్లు సంగతి చెప్పు. ఎంతుండాలె?"

నా సంచిలో మన స్టవ్వుల జెట్లు పెద్దవీ చిన్నవీ ఉన్నాయి. వాటిలో సరిగ్గా దూరే తీగముక్కలు కత్తిరించి ఆయన ముందు పెట్టాను. "పెద్ద బర్నర్లకి ఇది, చిన్నవాటికి ఇది." ఆయన తీగని ఎత్తి చూసి, "తీగనా ఇది? ఎంట్రుక!" అని నవ్వాడు. అంత సన్నటి చిల్లు వేసే బిట్టు ఆయన దగ్గర లేదు. వీధి చివర గడియారాలు బాగుచేసే ఆయన దగ్గర దొరికింది. ఇత్తడి కడ్డీ కోసి మరలు తీయడం గంటలో అయిపోయింది. చిల్లు వెయ్యడానికి మాత్రం పొద్దంతా పట్టింది. లేత్ మీద పెడితే బిట్టు పుటుక్కున విరిగింది. రెండోదీ విరిగింది. ఆయన మిషన్ ఆపేసి, కళ్లద్దాలు మార్చుకుని, బిట్టుని చేతిపిడికి బిగించి, ఊపిరి బిగబట్టి వేళ్లతో తిప్పడం మొదలుపెట్టాడు. పక్క షెడ్డులో సుత్తి దెబ్బలు పడుతున్నాయి, బయట లారీలు మొత్తుకుంటున్నాయి. ఆయన మాత్రం నిద్రపోతున్న పసిబిడ్డ గోళ్లు తీస్తున్నంత మెల్లగా తిప్పుతున్నాడు. మొదటి జెట్ పూర్తయ్యాక నా చేతిలో పెట్టి, "ఆస్మాన్ దిక్కు పట్టి చూడు," అన్నాడు.

కన్ను దగ్గర పెట్టుకుని ఆకాశం వైపు చూశాను. ఇత్తడి చీకటిలో ఒకే ఒక్క వెలుతురు చుక్క, వంకర లేకుండా, నిండుగా గుండ్రంగా. ముసలి చేతులతో మిషన్‌ని మించి చేశాడు. నేను చాలాసేపు చూశాను. ఆయన కూడా నన్ను తొందరపెట్టలేదు.

మర్నాడు పొద్దున్నే మళ్లీ కొండెక్కాను. ఆవిడ వంటగదిలో స్టూలు వేసుకుని కూర్చుంది. నేను వెళ్లమంటానేమో అని ముందే చెప్పింది, "నేనిక్కడే ఉంటాను. నువ్వు చేసేది చూడాలి." జెట్లు బిగించాను. కీలుకీలుకీ సబ్బునురగ రాసి బుడగ రావట్లేదని చూసుకున్నాను. మొదటి బర్నర్ వెలిగించాను. మంట చిన్నగానే లేచింది గానీ కొసలు పసుపు. అడుగున గాలిరేకుని కొంచెం తిప్పాను. పసుపు తగ్గింది. ఇంకో గింజంత తిప్పాను.

ఉన్నట్టుండి మంట సర్దుకుంది. బర్నర్ చుట్టూ వరసగా, పొట్టిగా, గట్టిగా నీలం మొగ్గలు. చప్పుడు కూడా మారిపోయింది. బుసబుసలు పోయి సన్నటి ఒకే శ్రుతి. పుట్టాక ఒక్కసారీ సరిగ్గా మండని పొయ్యి అది. ఎక్కడో దొరల దేశంలో ఎవరో పోతపోసిన ఇనుములో, బాలానగర్ ఇత్తడిలోంచి, మన ఎర్ర సిలిండర్ గ్యాసు ఎప్పట్నుంచో అలవాటున్నట్టు మండుతోంది. ఆవిడ స్టూలు మీంచి లేచి నిలబడింది.

నాలుగూ అయ్యాక ఆవిడ అడిగింది. "మరి అది? ఆ చిన్న దీపం?"

నాకు అర్థమైంది. ఆ పొయ్యిలో బర్నర్ల మధ్య ఒక పైలట్ ఉంటుంది. గోరంత మంట. అది ఎప్పుడూ ఆరకుండా వెలుగుతూనే ఉంటుంది. మీట తిప్పగానే దాన్నుంచి బర్నర్ తనంతట తనే అంటుకుంటుంది. దాని చిల్లు మరీ సన్నం. సిలిండర్ గ్యాసుకైతే ఇంకా సన్నంగా ఉండాలి. మేస్త్రీ కూడా చేతులెత్తేశాడు. పైగా ఈ గ్యాసు గాలికన్నా బరువు. పైలట్ ఎప్పుడైనా ఆరిపోతే గ్యాసు పైకిపోదు, నేలమీద నీళ్లలా పరుచుకుంటుంది. అందుకని దాని గొట్టం మూసేశాను.

అది చెప్పగానే ఆవిడ మొహం మారిపోయింది. మళ్లీ స్టూలు మీద కూర్చుంది.

"నేను దీన్ని కొన్నదే అందుకు బాబూ," అంది. "ఆ దొరసాని చెప్పింది, అగ్గిపుల్ల అక్కర్లేదు, మీట తిప్పితే చాలని."

నాకు అర్థం కాలేదు. ఆవిడే చెప్పింది, కళ్లద్దాలు తీసి కొంగుతో తుడుస్తూ.

ఏడో ఏట నుంచి వేషాలు. ఇంట్లో సంపాదన తనదే. వంటింటి గడప తొక్కితే వాళ్లమ్మ కొట్టేదట, మొహం మీద నూనె చుక్క పడితే రేపు షూటింగు లేదని. నిప్పంటే భయం అలా పెరిగిపోయింది. అగ్గిపెట్టె చప్పుడికి ఇప్పటికీ ఒళ్లు బిగుస్తుంది.

"మరి సినిమాల్లో అన్ని దీపాలు..." అన్నాను.

"మొహం నాది. పుల్ల గీసిన చెయ్యి నాది కాదు. ఆ ముక్క విడిగా తీస్తారు. ఎవరో ఒకమ్మాయి చెయ్యి, నా గాజులు తొడిగి." నవ్వింది. "పొయ్యి ఊదే సీన్లయితే కట్టెలమధ్య ఎర్ర బల్బు పెట్టేవారు, వెనక సాంబ్రాణి పొగ. ఎన్ని వందల కుండలు దించానో. ఒక్కటీ వేడిగా లేదు. కొడుక్కి ముద్దలు కలిపి పెట్టే అన్నం పొద్దున్న వండి తెచ్చింది. తొమ్మిది టేకులయ్యేసరికి పాచిపోయేది. అరవై రెండేళ్లొచ్చాయి. ఇంతమంది నన్ను చూసి వాళ్ల అమ్మ చేతి వంట గుర్తు చేసుకుంటారు. నేనింతవరకూ ఒక్క గరిటె చారు కాచలేదు."

ఈ మాట ఆవిడ ఏడుస్తూ చెప్పలేదు. తెరమీద ఏడ్చినట్టు అసలే కాదు. వాన పడుతోందని చెప్పినంత మామూలుగా చెప్పింది. నేను గ్యాస్ లైటర్ తెచ్చిస్తానన్నాను, పుల్ల అక్కర్లేకుండా నొక్కితే నిప్పురవ్వ వస్తుందని. ఆవిడ తల అడ్డంగా ఊపింది.

"అది కూడా ఇంకొకళ్ల చెయ్యే కదా. అగ్గిపెట్టె తియ్యి. నువ్వెలా గీస్తావో చూపించు."

ఒక పుల్ల గీసి చూపించాను. "మళ్లీ," అంది. మళ్లీ గీశాను. "ఎడంచెయ్యి ఎక్కడుంది? సరే. మళ్లీ." పది పుల్లలు గీయించింది. నా మొహం చూడలేదు, చేతులే చూసింది. ఎవరూ నన్నంత శ్రద్ధగా చూసి ఎరగరు. తర్వాత అగ్గిపెట్టె తన చేతికి తీసుకుంది. గ్యాసు కట్టేసి ఉంచి, ఉత్త పుల్లలే గీయమన్నాను. మొదటి పుల్ల విరిగింది. రెండోది అంటుకుంది గానీ ఆవిడ కెవ్వుమని సింకులో పారేసింది. మూడోదీ అంతే. కళ్లు మూసుకుని రెండు నిమిషాలు నిలబడింది. పెదాలు కదులుతున్నాయి. డైలాగు చదువుకుంటోందో, దేవుణ్ని తలుచుకుంటోందో నాకు తెలీదు.

కళ్లు తెరిచాక ఆవిడ వేరే మనిషి. భుజాలు దిగాయి. నడుం నాలాగే ఓ పక్కకి వాలింది. పెట్టె పట్టిన తీరు నాది, పుల్ల గీసి మంటకి అరచెయ్యి అడ్డం పెట్టిన తీరు నాది. కుడిచేతి చిటికెన వేలు విడిగా పైకి లేచి ఉంది. పుల్ల చివరిదాకా కాలింది, ఆవిడ వదల్లేదు.

ఆ వేలు చూసి నాకు నవ్వాగలేదు. "అమ్మగారూ, ఆ వేలు ఎత్తక్కర్లేదండి. నాది స్పానర్ జారి దెబ్బ తగిలి వంగదు. అందుకని అలా ఉంటుంది."

ఆవిడ తన వేలు చూసుకుని పకపకా నవ్వింది. "నాకేం తెలుసు? పొయ్యి వెలిగించడంలో అదీ ఒక భాగమనుకున్నాను!"

ఆ నవ్వులోనే భయం సగం పోయింది. ముందు పుల్ల గీయండి, తర్వాత మీట తిప్పండి, అది మాత్రం ఎప్పుడూ తారుమారు చెయ్యొద్దని చెప్పాను. సిలిండర్ తిప్పాను. ఆవిడ పుల్ల గీసి, బర్నర్ దగ్గర పెట్టి, మీట తిప్పింది. భుక్కుమని చిన్న చప్పుడైంది. అడుగు వెనక్కి వెయ్యలేదు. నీలం మంట చుట్టూ తిరిగి నిలబడింది. ఆవిడ దానిమీద, కాస్త ఎత్తులో, అరచెయ్యి చాపి వేడి చూసింది. ఆ మొహంలో అప్పుడున్నది నేను ఏ సినిమాలోనూ చూడలేదు. సంతోషం అందామంటే సరిపోదు. మా ఊరి చేలో మొదటిసారి ఆ బోరు మంట చూసినప్పుడు మా మేనమామ తలపాగా తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు. అలా ఉంది.

"ఇప్పుడేం వండాలి?" అంది.

ఆ ఇంట్లో ఉన్న నలుగురిలో వంట వచ్చింది నాకూ, డ్రైవర్‌కీ. నాకొచ్చిన వంటల్లో పెద్దది అన్నమే. గిన్నెలో బియ్యం కడగడం, పైన వేలి కణుపు మునిగేదాకా నీళ్లు పొయ్యడం చూపించాను. నీళ్లు సలసలమన్నప్పుడు ఆవిడ డ్రైవర్‌ని పిలిచింది, ఇంటి వెనక బట్టలుతుకుతున్న మనిషిని పిలిచింది. ఎసరు కాగడం చూడ్డానికి. డ్రైవర్ నా చెవిలో, "గిదేం వింత, అన్నం ఉడికితే గింత సంబురమా?" అన్నాడు. కానీ అతనూ అక్కడే నిలబడ్డాడు.

అన్నం ముద్దయింది. మధ్యలో ఆవిడ మూడుసార్లు నీళ్లు పోసింది. మా అందరికీ కంచాలు పెట్టించి తనే వడ్డించింది. ఆ వంగడం, ఆ గరిటె తిప్పడం, "ఇంకొంచెం వేసుకో నాయనా" అనే చూపు, నేను చిన్నప్పట్నుంచీ తెరమీద చూసిందే. కానీ ఆవిరి గరిటె మీదుగా చేతికి తగిలేసరికి "అబ్బ!" అని చెయ్యి లాక్కుంది. మళ్లీ ఆ చేతివైపే చూసుకుంటూ, "వేడిగా ఉంది," అని మా అందరికీ చెప్పింది.

నేను ఆవకాయ కలుపుకుని రెండు ముద్దలు తిన్నాక అడిగింది, "ఎలా ఉంది? నిజం చెప్పు."

"ముద్దయిందండి. అడుగు కూడా కొంచెం మాడింది."

"రేపు మాడదు," అంది.

మాడింది. మర్నాడూ, ఆ మర్నాడూ కూడా మాడిందని డ్రైవర్ చెప్పాడు. నాలుగో రోజు నుంచి మాడలేదు. వారం తర్వాత కింది తలుపు వెనకున్న ఓవెన్ పెట్టె సంగతి చూద్దామని వెళ్తే, ఆవిడ వంకాయ కూరలో ఉప్పు ఎక్కువై ఏం చెయ్యాలో తెలీక కూర్చుని ఉంది. వంటామె కూడా భయం పోయి తిరిగొచ్చింది. వచ్చాక ఆవిడకి కూరలు నేర్పింది గానీ, ఆదివారం మటుకు అమ్మగారు ఆమెను పొయ్యి దగ్గరికి రానిచ్చేది కాదట. ఆ రోజు వంట తనదే. కింది పెట్టెలో వేడిని అదుపు చేసే భాగం పాడైంది, అది ఎక్కడా దొరకలేదు. దాన్ని నేను బాగుచెయ్యలేకపోయాను. పై బర్నర్ల వెచ్చదనానికి వానాకాలంలో అందులో ఒడియాలు ఆరబెట్టుకునేవారు.

ఆవిడ వల్ల కొండమీద నాకు మంచి పేరొచ్చింది. విదేశాల నుంచి పొయ్యిలు, నీళ్లు కాచే గీజర్లు తెచ్చుకుని మన సిలిండర్‌కి కుదరక మూలన పడేసుకున్నవాళ్లు చాలామందే ఉన్నారు. ఫిల్మ్‌నగర్‌లో ఒకటి, జూబ్లీహిల్స్‌లో నాలుగైదు. అన్నిటికీ బాలానగర్ మేస్త్రీ చేతి జెట్లే. ఆయన పోయేదాకా ఇంకొకరి దగ్గరికి వెళ్లలేదు. బంకు తీసేసి వెంగళరావునగర్‌లో చిన్న షాపు పెట్టుకున్నాను. పెళ్లయింది. మా ఇంటికి గ్యాస్ కనెక్షన్ వచ్చిన రోజు మా ఆవిడ మంట చూసి ఏముందిలే అన్నట్టు పాలు పెట్టేసింది. నేనే గుమ్మంలో నిలబడి కాసేపు చూశాను.

ఏడాదికోసారి ఆ దొరల పొయ్యి సర్వీసుకి వెళ్లేవాణ్ని. మొదటి ఏట జెట్లు విప్పితే శుభ్రంగా ఉన్నాయి. రెండో ఏటికి పాలు పొంగి, పప్పు పొంగి, గట్టిపడిన మరకలు. గీకుతుంటే నాకెంత సంతోషమో.

ఒక వానాకాలం వెళ్లాను. గేటు తీసే ఉంది. పిలిచినా ఎవరూ పలకలేదు, వాన చప్పుడు. వంటింటి గుమ్మం దాకా వెళ్లాను. ఆవిడ నాకు వీపు పెట్టి పొయ్యి దగ్గర నిలబడి ఉంది. చారు మరుగుతోంది. గరిటెతో రెండు చుక్కలు అరచేతిలో వేసుకుని, ఊది, నాలికతో చూసింది. తల అడ్డంగా ఊపింది. చిటికెడు ఉప్పు వేసింది. మళ్లీ చూసింది. ఇంకా ఏదో తక్కువైంది. మిరియాల డబ్బా తీసి, వెయ్యాలా వద్దా అని చేతిలోనే పట్టుకుని, మరుగుతున్న చారు వాసన పీల్చుతూ ఆలోచిస్తోంది. నేను వచ్చిన సంగతి ఆవిడకి తెలీదు. సంచి కింద పెట్టకుండా, ఆవిడ తేల్చుకునేదాకా ఆ గుమ్మంలోనే నిలబడ్డాను.